వేలికి తెలిస్తే చాలు

మెకానికల్ కీబోర్డు కొనబోయేవారికి మొదట ఎదురయ్యేది రంగుల లెక్క. నీలం స్విచ్చు టక్కుమంటుంది, ఎరుపుది అడ్డులేకుండా దిగుతుంది, గోధుమరంగుది రెండింటికీ మధ్యరకం అని అమ్మేవాళ్ళు మూడు ముక్కల్లో తేల్చేస్తారు. ఆ మూడింట్లో ఒకటి పట్టుకుని ఇంటికి వస్తే వారం తిరక్కుండానే ఎవరో ఒకరు ఆ చప్పుడేమిటని అడుగుతారు. హైదరాబాద్‌లో రెండు పడకగదుల ఇంట్లో భార్యాభర్తలిద్దరూ ఇంటినుంచే ఉద్యోగం చేస్తుంటే, పదో తరగతి పిల్ల అదే హాల్లో చదువుకుంటున్న కాలమిది. మాదాపూర్, అమీర్‌పేట హాస్టళ్ళలో ఒకే గదిలో ముగ్గురుంటారు. అందులో ఒకరు అమెరికా వేళలకు అర్ధరాత్రి దాటాక కూడా పనిలో ఉంటే, మిగతా ఇద్దరూ పొద్దున్నే లేచి పోవాల్సినవాళ్ళు. ఇలాంటి చోట కీబోర్డు ఎంపిక ఒక్కరి ఇష్టాయిష్టాలతో ముగిసే వ్యవహారం కాదు. కీ పనిచేసిందన్న కబురు నొక్కిన వేలికి అందాలి. పక్కమంచం మీద నిద్రపోతున్న మనిషికి అందకూడదు. ఈ రెండూ కుదిరే స్విచ్చులు ఉన్నాయి, వాటిని సైలెంట్ టాక్టైల్ అంటారు. నలుగురి మధ్య కూర్చుని రోజూ గంటల తరబడి టైపు చేసేవారు ముందుగా చూడాల్సింది వాటినేనని, నీలం స్విచ్చు వారి పరిశీలనలో ఉండనే కూడదని నా వాదన.

చప్పుడు ఎక్కడ పుడుతుందో తెలిస్తే తప్ప ఏది కొనాలో తేలదు. మెకానికల్ కీబోర్డులో ప్రతి కీ కిందా ఒక విడి స్విచ్చు ఉంటుంది. చిన్న ప్లాస్టిక్ డబ్బీ, అందులో కిందికీ పైకీ కదిలే కాండం, దాని అడుగున స్ప్రింగు, పక్కన రెండు లోహపు రేకులు. చెర్రీ సంస్థ జర్మనీలో 1980లలో రూపొందించిన ఎంఎక్స్ నమూనానే ఇవాళ ఎక్కువమంది అనుసరిస్తున్నారు. పేటెంటు గడువు తీరాక చైనాలో గేటెరాన్, కైల్, ఔటెము లాంటి సంస్థలు అదే కొలతల్లో రకరకాల స్విచ్చులు చేస్తున్నాయి. కీ మొత్తం సుమారు 4 మిల్లీమీటర్లు దిగుతుంది. దాదాపు 2 మిల్లీమీటర్ల దగ్గర రేకులు కలిసి అక్షరం పడుతుంది. ఎరుపు రకంలో కాండం పక్కలు నున్నగా ఉంటాయి కాబట్టి ఆ చోటు ఎక్కడ దాటామో వేలికి తెలియదు. గోధుమ రకంలో కాండం మీద చిన్న ఉబ్బు ఉంటుంది. అది రేకును దాటేటప్పుడు వేలికి గతుకు తగులుతుంది. నీలం రకంలో కాండం రెండు ముక్కలుగా ఉంటుంది. గతుకు దాటగానే కింది ముక్క చటుక్కున జారి డబ్బీ అడుగుకు కొట్టుకుంటుంది. ఆ టక్కు అనుకోకుండా వచ్చేది కాదు, కోరి పెట్టింది. ఐబీఎం 1985లో తెచ్చిన మోడల్ ఎం కీబోర్డులో స్ప్రింగే ఒక్కసారిగా పక్కకు వంగి మోగేది. ఆ మోత అంటే చెవి కోసుకునేవారు ఇప్పటికీ ఉన్నారు.

అయితే టక్కు తీసేసినంత మాత్రాన చప్పుడు పోదు. ఏ స్విచ్చయినా ఒకసారి నొక్కితే రెండు దెబ్బలు పడతాయి. వేలు తోసినప్పుడు కాండం అడుగుకు తగలడం ఒకటి. వేలు తీయగానే స్ప్రింగు దాన్ని పైకి తన్ని డబ్బీ కప్పుకు కొట్టడం రెండోది. ఈ రెండోదాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. కీక్యాపుల కింద రబ్బరు రింగులు తొడిగితే సరిపోతుందనుకునేవారు పొరబడేది ఇక్కడే. ఆ రింగు కిందికి పడే దెబ్బను మెత్తబరుస్తుంది, పైన తగిలేది అలాగే ఉంటుంది, పైగా కీ దిగే దూరం తగ్గిపోతుంది. గోధుమ స్విచ్చు మౌనంగా ఉంటుందన్న ప్రచారమూ ఇలాంటిదే. నీలంలోని టక్కు అందులో లేదన్నంతవరకే అది నిజం. కిందా పైనా ప్లాస్టిక్కు ప్లాస్టిక్కుకు కొట్టుకోవడం ఎరుపులో ఎంతో గోధుమలోనూ అంతే. ఇక గతుకు సంగతి చూస్తే, చెర్రీ బ్రౌన్‌లో అది గతుకో గరుకో తేల్చుకోలేనంత చిన్నది. ఇంట్లోవాళ్ళ ప్రశాంతత కోసం గోధుమ రంగు కొన్నవారికి ప్రశాంతతా దొరకదు, స్పష్టమైన స్పర్శా దొరకదు. మధ్యేమార్గం అని దీన్ని సిఫారసు చేసే అలవాటు ఇకనైనా పోవాలి.

సైలెంట్ స్విచ్చు చేసే పని సూటిగా ఉంటుంది. కాండం అడుగును తాకే చోటా, పైకప్పును తాకే చోటా రబ్బరు లేదా సిలికాన్ మెత్తలు అమర్చుతారు. రెండు దెబ్బలూ మెత్తల మీద పడతాయి కాబట్టి పెళుసైన ప్లాస్టిక్ మోత అణిగిపోయి, మందమైన చిన్న చప్పుడు మాత్రం మిగులుతుంది. చెర్రీ మొదట ఈ ఏర్పాటును గతుకు లేని ఎరుపు, నలుపు రకాలకే పరిమితం చేసింది. గతుకునూ మెత్తలనూ కలిపిన స్విచ్చులు ఎక్కువగా చిన్న సంస్థలు, ఔత్సాహిక రూపకర్తల చేతుల మీదుగా వచ్చాయి. గాజ్యూ రూపొందించగా ఔటెము తయారుచేసే బోబా యూ4, కెనడాకు చెందిన జీల్‌పీసీ అమ్మే జైలెంట్, కైల్ సైలెంట్ బ్రౌన్ ఇలాంటివి. కానీ ఆలోచన మాత్రం పాతదే. 1990లో ఆపిల్ తెచ్చిన ఎక్స్‌టెండెడ్ కీబోర్డ్ 2లో జపాన్ సంస్థ ఆల్ప్స్ చేసిన స్విచ్చులు వాడారు. వాటి కాండానికి రబ్బరు మెత్తలుండేవి, గతుకూ ఉండేది. ఇంకా వెనక్కి వెళితే అమెరికాలో నాయిస్‌లెస్ టైప్‌రైటర్ కంపెనీ 1917లోనే తన యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. అక్షరపు కడ్డీ కాగితాన్ని కొట్టకుండా చివర్లో నెమ్మదించి అదిమేలా వెల్లింగ్టన్ కిడ్డర్ దాన్ని రూపొందించాడు. 1924లో ఆ కంపెనీ రెమింగ్టన్‌లో కలిసింది, ఆ తర్వాత రెమింగ్టన్ నాయిస్‌లెస్ పేరుతో అవి చాలాకాలం అమ్ముడయ్యాయి. మన ఊళ్ళలో టైపు ఇన్‌స్టిట్యూట్ల ముందునుంచి వెళుతుంటే వీధిలోకి వినిపించిన ఆ జడివానను టైపింగుకు సహజగుణమని అనుకున్నాం. ఆ చప్పుడును భరించలేక డబ్బు పెట్టి వదిలించుకున్న ఆఫీసులు వందేళ్ళ కిందటే ఉన్నాయి.

చప్పుడు వద్దనుకుంటే గతుకు లేని సైలెంట్ రెడ్ తీసుకోవచ్చు కదా, టాక్టైలే ఎందుకు అన్నది న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు వేళ్ళ బలంలో ఉంది. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో థామస్ ఆర్మ్‌స్ట్రాంగ్ బృందం టైపిస్టులు కీలమీద మోపే బలాన్ని కొలిచి 1994లో ఫలితాలు ప్రచురించింది. కీ పనిచేయడానికి ఎంత బలం కావాలో, దానికి రెండున్నర నుంచి దాదాపు నాలుగు రెట్లు వాళ్ళు ప్రయోగిస్తున్నారని తేలింది. అంటే కీని ప్రతిసారీ అడుగుదాకా గుద్దుతున్నారన్నమాట. అక్షరం ఎప్పుడు పడిందో తెలియనప్పుడు మనిషి చేసేది అదే. అనుమానం తీరేదాకా నొక్కుతాడు. గతుకు ఆ అనుమానాన్ని సగం దారిలోనే తీరుస్తుంది. అలాగని గతుకు ఉన్న ప్రతివారూ అడుగు తగలకుండా తేలిగ్గా టైపు చేస్తారని చెప్పను. ఏళ్ళ తరబడి గుద్దే అలవాటు ఒక స్విచ్చు మార్చగానే పోదు. వేగం పెరిగినప్పుడు బాగా అనుభవమున్నవారూ అడుగుదాకా వెళుతుంటారు. గతుకు ఇచ్చేది తేలిగ్గా టైపు చేయడం నేర్చుకునే అవకాశం. నేర్చుకునేలోగా పడే దెబ్బల్ని మెత్తలు కాచుకుంటాయి. సైలెంట్ రెడ్‌లో రెండోది ఉంది, మొదటిది లేదు. ఆటలు ఆడేవారికి, ఒకే కీని చకచకా కొట్టాల్సినవారికి ఎరుపే నయం కావచ్చు. పేజీలకు పేజీలు రాసేవారి అవసరం వేరు.

తెలుగు టైపు చేసేవారికి ఈ అవసరం ఇంకాస్త ఎక్కువ. ఇంగ్లిషులో ఒక కీ నొక్కితే ఒక అక్షరం తెరమీద కనిపిస్తుంది, తర్వాత అది మారదు. మనకు అలా కాదు. 'స్త్రీ' కంటికి ఒకే అక్షరం. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో దానికి స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి కలిపి 6 కీలు నొక్కాలి. 'లక్ష్మి' రెండక్షరాల మాట, 7 కీలు కావాలి, ష కోసం షిఫ్టు అదనం. ఒక్కో కీ నొక్కేకొద్దీ తెరమీద ఆకారం మారిపోతూ ఉంటుంది. స మీద పొల్లు వస్తుంది, త కొట్టగానే ఆ పొల్లు మాయమై ఒత్తు వస్తుంది, మళ్ళీ పొల్లు వస్తుంది, మళ్ళీ మాయమవుతుంది. మధ్యలో ఒక్క పొల్లు సరిగా పడకపోతే 'స్త్ర' కాస్తా 'స్తర' అవుతుంది. అది పడిందా లేదా అని ప్రతి నొక్కుకీ కంటితో చూసుకుంటూ పోతే టైపింగు సాగదు. ఇన్‌స్క్రిప్ట్‌లో పొల్లు ఎడమచేతి నడివేలి కింద, డి కీ మీద ఉంటుంది. పత్రికల డెస్కుల్లోనూ డీటీపీ సెంటర్లలోనూ కోర్టు కాగితాలు తయారుచేసేచోటా రోజంతా ఆ వేలు ఎన్నిసార్లు అక్కడికి దిగి లేస్తుందో ఊహించుకోవచ్చు. పొల్లు పడిందని తెర కంటే ముందు వేలు చెప్పగలిగితే కన్ను రాతప్రతి మీదే ఉంటుంది. ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు కొట్టే లిప్యంతరీకరణలోనూ ఇబ్బంది ఇలాంటిదే, కాకపోతే అక్కడ తప్పులు షిఫ్టు దగ్గర జరుగుతాయి. తెలుగు టైపింగుకు ఏ లేఅవుట్ మంచిదన్న వాదనలు చాలానే సాగాయి. వేలికింద ఏ స్విచ్చు ఉండాలన్న మాట మాత్రం ఎవరూ ఎత్తినట్టు లేదు. ఎత్తాల్సిన మాటే అది.

ఇక టక్కుమనే స్విచ్చుల అభిమానుల వాదన. వాళ్ళు చెప్పేది ఉత్త సరదా కాదు, దానికి రుజువూ ఉంది. అదే మిషిగన్ పరిశోధకులు మరికొందరితో కలిసి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, కీ పడినప్పుడు చెవికి శబ్దం అందితే టైపు చేసే బలం కొంత తగ్గుతుందని తేలింది. అంటే శబ్దమూ ఒక కబురే, వేళ్ళకు అది మేలే చేస్తుంది. దీన్ని కాదనడం సాక్ష్యాన్ని దాచడమవుతుంది. కానీ ఆ మేలు కోసం శబ్దం గదంతా నిండనక్కర్లేదు. టైపు చేసే మనిషి చెవిదాకా వస్తే చాలు. కీ నొక్కినప్పుడల్లా హెడ్‌ఫోన్‌లో టక్కు వినిపించే సాఫ్ట్‌వేర్లు ఎన్నో ఉన్నాయి, కొన్ని పాత టైప్‌రైటర్ చప్పుడును కూడా వినిపిస్తాయి. శబ్దం కావాలనుకునేవారు దాన్ని తమవరకే పెట్టుకోవచ్చు. స్పర్శకున్న గొప్పగుణం ఏమిటంటే ఇలాంటి ఏర్పాటేదీ దానికి అక్కర్లేదు. అది పుట్టేదీ అందేదీ ఒకే వేలికి. టక్కు వింటూ రాస్తే ఉత్సాహంగా ఉంటుందనేవారి మాటనూ నేను తేలిగ్గా తీసుకోను. పని చేయించే ఉత్సాహం విలువైనదే. తనదంటూ తలుపు వేసుకునే గది ఉన్నవారు నీలం స్విచ్చుతో నిరభ్యంతరంగా రాసుకోవచ్చు. అలాంటి గది మనలో ఎందరికి ఉందన్నదే ప్రశ్న.

మరికొందరంటారు: మన ఇళ్ళలో ఫ్యాను తిరుగుతుంది, కుక్కరు కూతేస్తుంది, వీధిలో హారన్లు మోగుతాయి, ఆఫీసులో జనం మాట్లాడుకుంటూనే ఉంటారు. వాటి మధ్య కీబోర్డు చప్పుడెంత? డెసిబెల్స్‌లో చూస్తే ఈ మాట చాలావరకు నిజం. అయితే మనిషిని వేధించే చప్పుడు డెసిబెల్స్‌తోనే తేలదు. అమెరికన్ మనస్తత్వశాస్త్రవేత్తలు డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్ చేసిన ప్రయోగాలు 1972లో 'అర్బన్ స్ట్రెస్' అన్న పుస్తకంగా వచ్చాయి. క్రమంగా వచ్చే చప్పుడు కంటే ఎప్పుడొస్తుందో తెలియని చప్పుడు విన్నవారు ఆ తర్వాత ఇచ్చిన పనిలో ఎక్కువగా చతికిలబడ్డారు. చప్పుడు ఆపడానికి ఒక బటన్ అందుబాటులో ఉందని చెబితే, దాన్ని వాడకపోయినా, ఆ చేటు బాగా తగ్గింది. కీబోర్డు విషయంలో దీన్ని అన్వయించి చూడండి. ఫ్యాను ఒకే తీరున తిరుగుతుంది, కాసేపటికి చెవి దాన్ని మరిచిపోతుంది. టైపింగు ఆగుతుంది, మొదలవుతుంది, ఒక్కసారిగా ఊపందుకుంటుంది, మళ్ళీ ఆగుతుంది. టైపు చేసే మనిషికి అది ఎప్పుడు ఆగుతుందో తెలుసు, ఎందుకంటే ఆపేది తనే. పక్కనున్నవారికి ఆ వీలు లేదు. అందుకే తన కీబోర్డు చప్పుడు ఎవరికీ ఇబ్బందిగా ఉండదని దాని యజమాని నిజాయితీగానే నమ్ముతాడు, పక్కవాడు నిజాయితీగానే బాధపడతాడు. రాత్రిపూట సంగతి మరీ తేలిక. పడకగదిలో అప్పుడప్పుడూ వచ్చే చప్పుడు కూడా 45 డెసిబెల్స్ దాటకుండా చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 మార్గదర్శకాల్లో చెప్పింది. కుక్కరూ హారన్లూ ఆగిపోయిన రెండు గంటల వేళ, మంచానికి మూడడుగుల దూరంలో నీలం స్విచ్చు ఆ గీత దాటడం కష్టమేమీ కాదు.

ఆన్‌లైన్ మీటింగుల సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. మైకు కీబోర్డు పక్కనే ఉంటుంది కాబట్టి నోట్సు రాసుకునేవారి టైపింగు అవతలి పదిమంది చెవుల్లో మాటల కంటే గట్టిగా మోగుతుంది. భద్రత కోసం కూడా సైలెంట్ స్విచ్చులు మంచివని కొందరు చెబుతుంటారు, ఆ మాటను మాత్రం ఆచితూచి తీసుకోవాలి. కీల చప్పుడును బట్టి ఏం టైపు చేశారో పసిగట్టవచ్చని 2004లో ఐబీఎం పరిశోధకులు దిమిత్రీ అసోనోవ్, రాకేశ్ అగర్వాల్ చూపించారు. 2023లో బ్రిటన్ పరిశోధకులు పక్కన పెట్టిన ఫోనుతో రికార్డు చేసి 95 శాతం దాకా కీలను సరిగ్గా గుర్తించగలిగారు. అయితే వాళ్ళు పరీక్షించింది ల్యాప్‌టాప్ కీబోర్డు. అది మెకానికల్ కీబోర్డుల కంటే నెమ్మదైనదే. చప్పుడు తగ్గినంత మాత్రాన పాస్‌వర్డు దాగదు. సైలెంట్ స్విచ్చు పక్కవారి కోసం కొనాలి, దొంగల భయంతో కాదు.

అంత నిశ్శబ్దం కావాలంటే ల్యాప్‌టాప్‌కున్న కీబోర్డో, ఐదారు వందల రూపాయల మామూలు మెంబ్రేన్ కీబోర్డో సరిపోదా? రోజుకు నాలుగు మెయిళ్ళు రాసేవారికి నిస్సందేహంగా సరిపోతుంది, వారు డబ్బు దండగ చేసుకోనక్కర్లేదు. ఎక్కువ రాసేవారి విషయంలో తేడా ఇక్కడుంది. మెంబ్రేన్ కీబోర్డులో కీ కింద రబ్బరు బుడిపె ఉంటుంది. అది కుంగిన గతుకు వేలికి తగులుతుంది గానీ అక్షరం పడేది అడుగు దగ్గరే. అంటే చివరిదాకా నొక్కక తప్పదు. గతుకు తగిలినా అక్షరం పడకపోవడం అందులో మామూలే. వాడేకొద్దీ రబ్బరు గుణం మారిపోతుంది, అదీ అన్ని కీలకూ ఒకేలా కాదు. తయారీదారులే చెప్పుకునే లెక్కల ప్రకారం రబ్బరు బుడిపెల ఆయుష్షు సాధారణంగా 50 లక్షల నుంచి కోటి నొక్కులు. చెర్రీ తన ఎంఎక్స్ స్విచ్చుల్లో చాలావాటికి 10 కోట్లని చెబుతుంది. ఒక కీ చెడితే మెంబ్రేన్ కీబోర్డు మొత్తం పారేయాలి. హాట్‌స్వాప్ సాకెట్లున్న మెకానికల్ కీబోర్డులో చెడిన స్విచ్చు ఒక్కటే పట్టకారుతో లాగి కొత్తది గుచ్చవచ్చు, టంకంతో పనిలేదు. ఈ సౌకర్యం వల్ల ఇంకో మేలుంది. ఇప్పటికే నీలమో గోధుమో కొని బాధపడుతున్నవారు కీబోర్డు మార్చనక్కర్లేదు, స్విచ్చులు మార్చుకుంటే చాలు. స్విచ్చు ఒక్కోటి 40 రూపాయలనుకుంటే 87 కీలకు 3,480 రూపాయలవుతుంది. చిన్న మొత్తమేమీ కాదు. కానీ అదే కీబోర్డు మీద మరో పదేళ్ళు రాసేవారికి, అదే గదిలో మరొకరు పదేళ్ళు నిద్రపోవాల్సి ఉన్నప్పుడు, ఆ ఖర్చు సమంజసమేనని నా అభిప్రాయం.

సైలెంట్ టాక్టైల్ మీద బలమైన అభ్యంతరం ఇవేవీ కావు. నొక్కితే మెత్తగా, బురదలో వేలు పెట్టినట్టు ఉంటుందన్నదే అసలు ఫిర్యాదు. అడుగున మెత్త ఉన్నాక ప్లాస్టిక్కును తాకిన గట్టిదనం రాదు, రాకూడదు కూడా. మొదటి తరం సైలెంట్ స్విచ్చుల్లో గతుకు కూడా మెత్తగానే ఉండి, మొత్తం అనుభవం నీరసంగా తోచేది. దీనికి విరుగుడు గతుకును పెంచడమే. బోబా యూ4 లాంటి వాటిలో గతుకు దాదాపు కీ కదలగానే మొదలై, గుండ్రంగా, పెద్దగా ఉంటుంది. దాన్ని దాటాక వేలు మెత్త మీదికి దిగుతుంది. గతుకులోని స్పష్టత అడుగులోని మెత్తదనాన్ని మరిపిస్తుంది. కాబట్టి ఎంచుకునేటప్పుడు మొదట చూడాల్సింది గతుకు ఎంత పెద్దదన్నది. మౌనం ఆ తర్వాత చూసుకోవచ్చు, ఎందుకంటే రెండువైపులా మెత్తలున్న ఏ స్విచ్చయినా ఇంట్లోవారికి సరిపోయేంత నెమ్మదిగానే ఉంటుంది. గ్రాముల అంకెతో జాగ్రత్త. కొందరు అక్షరం పడే చోట కావలసిన బలాన్ని రాస్తారు, కొందరు గతుకు శిఖరం దగ్గరి బలాన్ని, ఇంకొందరు పూర్తిగా అడుగుకు దిగినప్పుడు స్ప్రింగు ఎదురుతన్నే బలాన్ని. వేర్వేరు కంపెనీల అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చితే మోసపోతాం. ఒకే స్విచ్చు 62, 68 గ్రాముల స్ప్రింగులతో దొరికితే, చేయి తేలికైనవారు మొదటిది, టైప్‌రైటర్ మీద చేయి తిరిగినవారు రెండోది తీసుకోవడం మేలు. యూట్యూబ్‌లో చప్పుడు పరీక్షలు చూసి నిర్ణయించుకోవద్దు. మైకు ఎంత దగ్గర పెట్టారో, ఎంత పెంచారో మనకు తెలియదు, స్పర్శ వీడియోలో ఎలాగూ రాదు. నాలుగైదు రకాలు ఒక్కొక్కటి విడిగా తెప్పించుకుని వేలితో నొక్కి చూడటమే నమ్మదగిన పద్ధతి.

స్విచ్చులన్నీ మార్చాక కూడా స్పేస్‌బార్, ఎంటర్, షిఫ్టు, బ్యాక్‌స్పేస్ గలగలలాడుతుంటాయి. ఈ పొడవు కీలు ఒరిగిపోకుండా వాటి కింద తీగతో చేసిన స్టెబిలైజర్లుంటాయి. ఆ తీగ ప్లాస్టిక్కులో వదులుగా ఆడటం వల్ల వచ్చే మోత అది. మిగతా కీబోర్డు మౌనంగా ఉన్నప్పుడు అదొక్కటే మరింత కొట్టొచ్చినట్టు వినిపిస్తుంది. తీగ చివర్లకు చిక్కటి గ్రీజు కొద్దిగా పట్టిస్తే చాలావరకు పోతుంది. అరగంట పని, ఖర్చు స్వల్పం. కీబోర్డు కింద మందపాటి గుడ్డో డెస్క్‌మ్యాటో పరిస్తే బల్ల మోగడం ఆగుతుంది. స్విచ్చులకు వేలు ఖర్చుపెట్టి ఈ రెండు పనులూ వదిలేసేవారు తర్వాత సైలెంట్ స్విచ్చుల్ని తిట్టడం న్యాయం కాదు.

ఇదంతా కొనేవారి విచక్షణకే వదిలేయాలా అంటే, వద్దంటాను. ఉద్యోగికి ల్యాప్‌టాప్, హెడ్‌సెట్, కొన్నిచోట్ల కుర్చీ కూడా ఇచ్చే సంస్థలు కీబోర్డును మాత్రం పట్టించుకోవు. ఎవరికి నచ్చింది వారు తెచ్చుకోవచ్చంటాయి. ఆ స్వేచ్ఛ మంచిదే, కానీ పదిమంది కూర్చునే హాలులోకి నీలం స్విచ్చు వచ్చినప్పుడు దాని గురించి అడగాల్సిన భారం పక్కసీటులో కూర్చున్న కొత్త ఉద్యోగి మీద పడుతుంది. సీనియర్‌ను ఆ మాట అడగలేక ఊరుకునేవారే ఎక్కువ. టక్కుమనే స్విచ్చులు ఉమ్మడి హాల్లో వద్దని సంస్థే ఒక వాక్యంలో రాసిపెడితే ఎవరూ ఎవరినీ అడగాల్సిన పని ఉండదు. హాస్టల్ యజమానులు రాత్రి పది తర్వాత స్పీకర్లు వద్దని గోడమీద రాస్తారు కదా, దాని కింద ఇదీ చేర్చవచ్చు. గ్రంథాలయాల్లో, పోటీ పరీక్షలకు చదువుకునే రీడింగ్ రూముల్లో ఇది మరీ అవసరం. అమ్మేవారినీ అడగాలి. పెట్టె మీద 'సైలెంట్' అన్న ఒక్క మాట చాలదు, మెత్తలు కిందివైపే ఉన్నాయా రెండువైపులా ఉన్నాయా, గతుకు శిఖరం దగ్గర ఎంత బలం కావాలి, స్విచ్చులు మార్చుకునే రకమా టంకం వేసినవా అన్న మూడు వివరాలు రాసితీరాలి. ఈ మూడూ తయారీదారు దగ్గర ఉండే వివరాలే, పెట్టె మీద అచ్చు వేయడానికి అదనంగా అయ్యే ఖర్చు కూడా లేదు.